వెనక సీటు

జమ్రూద్ కొలత దారం తెచ్చుకుంది. దానికి రెండు ముళ్ళు. కొస నుంచి మొదటి ముడి దాకా ఎంత పొడవో, అమ్మ కుళ్ళాయమ్మ కుడికాలు నేల మీంచి అంతే ఎత్తు లేస్తుంది. అంతకు మించితే మోకాలు వణికి, పాదం మీది చక్కెర పుండు పగిలి కట్టు తడుస్తుంది. రెండో ముడి దాకా పొడవు, చుట్టిన పెద్ద పరుపు అడ్డం. పొద్దున పెనుకొండలో బస్సెక్కే ముందు అమ్మను పీట మీదికి ఎక్కించి దించి తీసుకున్న కొలతలవి.

హిందూపురంలో పెనుకొండ రోడ్డు పక్కన నాగప్ప యార్డు ఉంది. వాడిన జీపులు, సుమోలు, వ్యానులు కలిపి పదిహేను దాకా ఎండలో నిలబడి ఉన్నాయి. నాగప్ప ఒకప్పుడు సంతలో ఎద్దుల దళారి. బండ్ల వ్యాపారంలోకి వచ్చినా భుజం మీది తెల్ల టవాలు వదల్లేదు. తను కొన్న బండ్ల సీట్లు చినిగి ఉంటే పీకించి, పెనుకొండలో మాబుసాబ్ పరుపుల అంగడికి పంపిస్తాడు. మాబుసాబ్, ఆయన కూతురు జమ్రూద్ వాటికి కొత్త రెగ్జిన్ తొడిగి కుడతారు. అంగట్లో సగం పని అదే.

ఇన్నాళ్ళకు మాబుసాబ్ తనే బండి కొనడానికి వచ్చాడు. రోజు విడిచి రోజు భార్యను హిందూపురం డాక్టరు దగ్గరికి కట్టు మార్పించడానికి తీసుకురావాలి. పరుపులు ధర్మవరం మగ్గాల ఇళ్ళకు చేర్చాలి. మిగతా వేళల్లో కొడుకు ఫయాజ్ కిరాయికి తిప్పుకుంటాడు. ఇంటికి అన్నిటికీ ఒకటే బండి.

ఫయాజ్ బానెట్లు ఎత్తి చూస్తున్నాడు. జమ్రూద్ ఒక్కో బండి దగ్గర వంగి, నేల మీద దారం కొస బొటనవేలితో తొక్కిపెట్టి, మెట్టు దాకా పైకి లాగుతోంది. జీపు మెట్టు ముడికి జానెడు పైన ఉంది. వ్యాను మెట్టు సరిపోయింది గానీ వెనక తలుపు ఇరుకు. తెల్ల సుమో దగ్గర మొదటి ముడి మెట్టు అంచును తాకింది. వెనక తలుపు తెరిచి అడ్డం కొలిస్తే రెండో ముడి తర్వాత కూడా నాలుగు వేళ్ళ సందు మిగిలింది.

"అన్నా, ఇది చూడు" అంది.

ఫయాజ్ ఇంజను మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందని చూసుకున్నాకే తాళం తిప్పాడు. ఒక్క తిప్పుకే అందుకుంది. వెనక్కి పోయి పొగ చూశాడు. చమురు పుల్ల లాగి వేళ్ళ మధ్య రుద్దుకున్నాడు. కింద పడుకుని చూసి, వీపు దులుపుకుంటూ లేచి తండ్రికి తల ఊపాడు.

"ఏం పాపా, దారంతో బండి కొంటాండావా?" నాగప్ప నవ్వాడు. "నేను ఎద్దును పండ్లు చూసి కొంటి. నువ్వు జాకెట్టుకు కొలత తీసినట్ల తీస్తాండావే!"

"అమ్మ ఎక్కాల గదా మామా."

"ఎక్కుతాది, ఎక్కుతాది. నా బండి ఎవరైనా ఎక్కొచ్చు. మా నాయన ఎద్దుల జత అమ్మే ముందర వాటిని బండికి కట్టి, ఆ బండ్లో నన్ను కూర్చోబెట్టి చెరువు కట్ట దించేటోడు. మన బిడ్డ ఎక్కని బండి ఊరోళ్ళ బిడ్డల్ని ఎక్కించగూడదు అనేటోడు. నాదీ అదే మాట." టీ అంగడి దగ్గర కూర్చున్న నలుగురు దళారులకు వినపడేలాగే చెప్పాడు.

తర్వాత నాగప్ప, మాబుసాబ్ ఎదురెదురుగా నిలబడ్డారు. నాగప్ప టవాలు తీసి ఇద్దరి కుడిచేతుల మీద కప్పాడు. గుడ్డ కింద వేళ్ళు కదిలాయి. సంతలో బేరం అట్లాగే. ఎన్ని వేళ్ళు పట్టుకున్నారో పక్కవాడికి తెలియదు. మాబుసాబ్ తల అడ్డంగా ఊపాడు. నాగప్ప ఒక వేలు మడిచినట్టు గుడ్డ కదిలింది. కాసేపటికి మాబుసాబ్ ముఖం విప్పారింది. టవాలు తీశాక జేబులోంచి బయానా డబ్బు తీసి ఇచ్చాడు. కాగితం ఎవరూ అడగలేదు. గుడ్డ కింద చెయ్యి కలిస్తే అది ముగిసిన బేరం.

"శుక్రవారం వచ్చి తీసుకుపోండి సాబూ" అన్నాడు నాగప్ప.

*

శుక్రవారం వచ్చేసరికి తెల్ల సుమో నిలబడ్డ చోట నేల మీద చమురు మరక ఉంది. బండి లేదు.

"ధర్మవరం షావుకారు నిన్న వచ్చి ఎత్తుకపోయినాడప్పా" అన్నాడు నాగప్ప, పుల్లతో పళ్ళు కుట్టుకుంటూ. "పెద్దోళ్ళు. కాదంటే యాడ బాగుంటాది?"

"మనం చేతులు కలుపుకుంటిమి గదన్నా" అన్నాడు మాబుసాబ్. ఆ మాట అనడానికి రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

"గుడ్డ కింద మాట గుడ్డ కిందే ఉంటాది సాబూ." టీ అంగడి వైపు చూసి కన్ను కొట్టాడు. "అయినా ఆయప్ప పట్టు చీరల ఆడోళ్ళను ఎక్కించుకుంటాడు. మీరెక్కించేది దూది మూటలు. దానికి అంత తెల్ల బండి యాలప్పా?"

దళారులు నవ్వారు. ఒకడు టీ పొలమారి దగ్గాడు. మాబుసాబ్ కూడా నవ్వాడు. మీసంలో ఇరుక్కున్న దూది నూగును రెండు వేళ్ళతో తీసి, ఎక్కడ వెయ్యాలో తెలియనట్టు చేతిలోనే పట్టుకున్నాడు.

జమ్రూద్ ఆ చేతిని చూసింది. నవ్విన నలుగురి ముఖాలనూ ఒక్కొక్కటిగా చూసింది.

"మీకు దాన్ని మించిన బండి పెట్టినా" అంటూ నాగప్ప వాళ్ళను నీలం సుమో దగ్గరికి తీసుకుపోయాడు. "డాక్టరు బండి. ఒకే చేతిలో నడిచింది. గీత గూడా పడలేదు. పదివేలు తగ్గించి ఇస్తా, ఏం?"

ఫయాజ్ కింద దూరి చూశాడు. "అంతా తారు కొట్టినారే మామా?"

"తుప్పు పట్టకుండా కొట్టించినా. అది గూడా తప్పేనా?"

జమ్రూద్ వెనక సీట్లో కూర్చుంది. రెగ్జిన్ కొత్తది. అంచు మీద వేలు నడిపింది. రెండు గీతల కుట్టు, మూల దగ్గర మడత లోపలికి తిప్పిన తీరు చూసింది. ఆమె వేలు ఆగింది. చేతిని సీటు కిందికి పోనిచ్చింది. కొసన మూడు ముళ్ళు చేతికి తగిలాయి. తను తప్ప ఎవరూ మూడు ముళ్ళు వెయ్యరు. నాయన రెండే వేస్తాడు.

సీటు మూల కొంచెం ఎత్తి చూసింది. అడుగున చివరి జానెడు కుట్టు ఆకుపచ్చ దారంతో ఉంది.

రెండు నెలల కిందట ఈ సీటు అంగడికి వచ్చినప్పుడు పాత తొడుగు విప్పితే స్పాంజి నిండా గాజు నలకలు. సీటును బోర్లించి దులిపింది, ఒక్కొక్కటీ ఏరింది. ఒకటి ఎడమ చూపుడు వేలిలో దిగి ఎముక దాకా పోయింది. స్పాంజి ఒక పక్క గోధుమరంగులో గడ్డకట్టి ఉంటే, ఏదో కాఫీ ఒలికిందేమో అన్నాడు నాయన. ఆ ముక్క కోసి పారేసి కొత్తది అతికించారు. నల్ల దారం అయిపోతే పరుపుల అంచుకు వాడే ఆకుపచ్చ దారంతో కానిచ్చింది. "అడుగున ఎవరు చూస్తార్లే" అన్నాడు నాయన అప్పుడు.

జమ్రూద్ సీటును ఇంకొంచెం ఎత్తింది. కింద రేకు మీద తారు నున్నగా ఉంది. ఆ నునుపు కింద, ఈ వైపు నుంచి ఆ వైపు దాకా, మానిన గాయం మచ్చలాగా వేలెడు లావున ఉబ్బిన గీత. వేలితో రాసింది. గరుకు. అతుకు.

ఆమె సీటు దించేసింది.

అంతలో యార్డు వెనక ఇంట్లోంచి నాగప్ప కూతురు యశోద టీ గ్లాసులు పట్టుకొచ్చింది. ఉగాదికి పుట్టింటికి వచ్చిన మనిషి. రెండేళ్ళ పిల్ల కొంగు పట్టుకుని వెంట నడుస్తోంది. "తాగు చెల్లెలా" అని జమ్రూద్‌కు గ్లాసు ఇచ్చింది. "ఆదివారం ధర్మవరం పోవాల నేను. ఈ పిల్లతో ఆ బస్సు తలుచుకుంటేనే భయమైతాంది."

జమ్రూద్ టీ తాగుతూ పిల్లను చూసింది. తర్వాత నాగప్పను చూసింది.

"ఆదివారం వస్తాం మామా" అంది. "బండి మాకే పెట్టు."

*

ఇంటికొచ్చాక చెప్పింది. ఫయాజ్ దూది మూట మీద కూలబడ్డాడు.

"చాసిసు తెగితే అతికించినాడు. అందుకే తారు" అన్నాడు. "బరువేసుకుని గట్టిగా గుంతలో పడితే నడుమున విరుగుతాది. అట్ల విరిగిన దాన్ని చూసినా నేను."

కుళ్ళాయమ్మ మంచం మీంచి కాలు చాపుకుని వింటోంది. "అది నేనెక్కాల్సిన బండి గదమ్మా" అంది, ఎవరినీ నిందించకుండా.

మాబుసాబ్ దబ్బనానికి దారం ఎక్కిస్తూనే ఉన్నాడు. దారం బెజ్జంలోకి పోలేదు. "పోయి బయానా తెచ్చుకుందాం. గొడవొద్దు. ఆయప్ప సీట్లు పంపకపోతే మనకు పనేదీ?"

"గాజు ముక్కలు ఏరింది నేను నాయనా. నేను కుట్టినందుకే అది డాక్టరు బండి అయ్యింది" అంది జమ్రూద్. గొంతు పెంచలేదు. "ఆదివారం నువ్వేం మాట్లాడొద్దు. ఒక్క పూట."

ఏం చెయ్యబోతోందో తండ్రికి చెప్పలేదు. ఆదివారం పొద్దున బస్సులో ఫయాజ్‌కు మాత్రం చెప్పింది. విని ఫయాజ్ చాలాసేపు కిటికీలోంచి సోమందేపల్లి పొలాలు చూశాడు.

"ఆపకపోతే?"

"ఆపుతాడు. యార్డు గేటు గూడా దాటనియ్యడు. సొంత బిడ్డ గదా. అందరి ముందరా తన నోటితోనే దిగమంటాడు. నాకు అది చాలు."

రెండు రాత్రులుగా ఆమె ఆ ఒక్క మాటనే వింటోంది. 'దిగమ్మా' అని నాగప్ప అరవడం, దళారులు గ్లాసులు పట్టుకుని నిలబడిపోవడం, ఆయన ఎవరి ముఖమూ చూడలేక టవాలు ముఖానికి అడ్డం పెట్టుకోవడం. ప్రతిసారీ అందులో కొత్తగా ఏదో ఒకటి చేర్చుకుంది.

*

యార్డులో దళారులు ఆ పూట కూడా టీ అంగడి దగ్గరే ఉన్నారు. యశోద సంచి సర్దుకుని, పిల్లకు జుట్టు దువ్వి, ఇంటి గడపలో నిలబడి ఉంది.

"బండి తీసుకుంటాం మామా" అంది జమ్రూద్. "దుడ్లు నాయన దగ్గరుండాయి. ఒకటే కోరిక."

"చెప్పు పాపా."

"మీ నాయన మాట. మన బిడ్డ ఎక్కని బండి ఊరోళ్ళకు అమ్మగూడదంటివే. యశోదక్క ఎట్లాగూ ధర్మవరం పోవాల గదా. మేం గూడా పెనుకొండలో రెండు పరుపులు వేసుకుని ధర్మవరం పోవాల. అక్కా పాపా వెనక సీట్లో కూర్చుంటే ఇంటికాడ దించుతాం. నేనూ పక్కనే కూర్చుంటా."

టీ అంగడి దగ్గర ఒకడు తొడ చరిచాడు. "ఔ నాగప్పా! పొద్దు లేస్తే చెప్తావు గదప్పా ఆ ఎద్దుల కథ. బిడ్డను ఎక్కియ్యి!"

నాగప్ప చెయ్యి భుజం మీది టవాలు దగ్గరికి పోయింది. "పిల్లకు పెట్రోలు వాసన పడదు పాపా. బస్సులో పోతాదిలే."

"డీజిలు బండి గదా నాయనా" అంది యశోద నవ్వుతూ. "బస్సులో నిలబడి పొయ్యేదానికంటే మేలే." సంచి వెనక పడేసి, పిల్లను ఎత్తుకుని ఎక్కేసింది.

జమ్రూద్ ఆమె పక్కన కూర్చుంది. ఫయాజ్ తాళం తిప్పాడు. మాబుసాబ్ కాగితాల కోసం అక్కడే నిలబడ్డాడు, ఏం జరుగుతోందో అప్పుడే అర్థమై నోరు తెరిచి, మాట్లాడొద్దని కూతురు అన్నది గుర్తొచ్చి మూసుకున్నాడు.

జమ్రూద్ కిటికీలోంచి నాగప్ప ముఖాన్ని వదలకుండా చూసింది. నుదుటి మీద చెమట పట్టింది. పెదవి కదిలింది. ఆయన నాలుగడుగులు వేసి డ్రైవరు కిటికీ దగ్గరికొచ్చాడు. ఇప్పుడు, అనుకుంది ఆమె.

నాగప్ప వంగి ఫయాజ్‌తో చిన్నగా అన్నాడు. "మెల్లగా పోనీ అబ్బీ. గుంతలు చూసుకో."

వెనక్కి జరిగాడు. టీ అంగడి వైపు తిరిగి నవ్వు ముఖం పెట్టి, చెయ్యి గాల్లో ఊపాడు.

అద్దంలో ఫయాజ్ కళ్ళు చెల్లెలి కళ్ళను వెతికాయి. ఆమె ఏ సైగా చెయ్యలేదు. చెయ్యలేకపోయింది. బండి గేటు దాటింది.

రోడ్డెక్కాక మొదటి గుంత దగ్గర సీటు కింద కిర్రుమంది. యశోద పిల్లకు కోతులను చూపిస్తోంది. ఫయాజ్ నడిచే మనిషి కంటే కాస్త వేగంగా తోలుతున్నాడు. రెండో గుంతలో మళ్ళీ కిర్రు. జమ్రూద్ వెనక అద్దంలోంచి చూసింది. నాగప్ప వెనకే వస్తాడనుకుంది. ఆయన స్కూటరు యార్డులోనే ఉంది. ఎక్కి తరుముకుంటూ వస్తాడు. రోడ్డు మీద దుమ్ము లేచింది. దుమ్ములోంచి బయటికొచ్చింది గొర్రెల మంద.

రైల్వే గేటు వేసి ఉంది. ఫయాజ్ బండి ఆపి ఇంజను కట్టేశాడు. ధర్మవరం వైపు పొయ్యే గూడ్సు రైలు మెల్లగా వస్తోంది. పిల్ల "డబ్బా, డబ్బా" అని చప్పట్లు కొట్టి, అలిసి, జమ్రూద్ ఒడిలోకి వాలింది. దాని చిటికెన వేలు సీటు అంచు కుట్టు మీద పాకింది. అదే కుట్టు. ఎడమ చూపుడు వేలి మీది పాత గాయం జమ్రూద్‌కు చుర్రుమంది.

ఇప్పుడీ పిల్లను ఈ సీటు మీద కూర్చోబెట్టింది నాగప్ప ఒక్కడే కాదు.

"దిగక్కా" అంది.

"ఏంది?"

"పాపను ఎత్తుకుని దిగు."

యశోద దిగింది. జమ్రూద్ సీటు మొత్తం ఎత్తి పట్టుకుంది. ఆకుపచ్చ కుట్టు చూపించింది. గాజు ముక్కల సంగతి, గోధుమరంగు స్పాంజి సంగతి చెప్పింది. యశోద చెయ్యి పట్టుకుని తారు కింది గీత మీద ఈ కొస నుంచి ఆ కొసకు నడిపించింది. రైలు చప్పుడులో ఒక్కో మాట రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

"నాయనకు తెల్దేమో."

"సీట్లు పీకించింది, తారు కొట్టించింది ఆయనే అక్కా."

యశోద పిల్లను రొమ్ముకు అదుముకుంది. "నీకూ తెలుసు. తెలిసే నా బిడ్డను ఎక్కిస్తివి."

"ఆపుతాడనుకున్నా" అంది జమ్రూద్.

యశోద ఆమెను కొడుతుందనే అనుకుంది. కొట్టినా బాగుండేది. యశోద తల తిప్పుకుని రైలు చివరి డబ్బా దాటిపోయే దాకా చూసింది. గేటు లేచింది. వెనక బండ్లు హారన్లు కొట్టాయి. ఆమె గేటు వైపు పోలేదు. పిల్లను చంకనేసుకుని, వచ్చిన దారినే యార్డు వైపు నడిచింది.

ఫయాజ్ బండి తిప్పాడు. మైలు దూరం ఉంటుంది. ఎండలో యశోద ముందు నడిచింది, ఆమె వెనకే ఖాళీ బండి నడక వేగంతో వచ్చింది. బండి వెనక జమ్రూద్ నడిచింది. ఎవరూ ఎక్కలేదు.

*

వాళ్ళు యార్డులోకి రావడం చూసి దళారులు లేచి నిలబడ్డారు. నాగప్ప, మాబుసాబ్ కాగితాలు ముందు పెట్టుకుని బల్ల దగ్గర ఉన్నారు.

యశోద పిల్లను దించలేదు. వెనక తలుపు తెరిచి పట్టుకుంది.

"ఎక్కు నాయనా" అంది. "ధర్మవరం పోదాం. నువ్వూ రా."

"ఏమైందమ్మా?"

"ఏం కాలేదు. ఎక్కు."

నాగప్ప లేచి వచ్చాడు. ఎత్తి ఉన్న సీటును చూశాడు. అడుగున వేలాడుతున్న ఆకుపచ్చ దారాన్ని, జమ్రూద్‌ను చూశాడు. గొంతు తగ్గించాడు. "గట్టిగా వెల్డింగు చేయించినానమ్మా. పెద్ద మేస్త్రీతో. ఏం కాదు."

"గట్టిగుంటే ఎక్కు మరి."

ఆయన తలుపు మీద చెయ్యి వేశాడు. ఒక కాలు మెట్టు మీద పెట్టాడు. ఆ కాలు అక్కడే ఉంది. టీ అంగట్లో స్టౌ బుస్సుమంటున్న చప్పుడు వినిపిస్తోంది. ఫయాజ్ స్టీరింగు పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. నాగప్ప కూతురి ముఖం చూశాడు, మనవరాలి ముఖం చూశాడు. కాలు కిందికి దించాడు.

ఎవరూ నవ్వలేదు. ఎద్దుల కథ అడిగినవాడు గ్లాసు బల్ల మీద పెట్టి, చెప్పుల్లో కాళ్ళు దూర్చుకుని వెళ్ళిపోయాడు.

జమ్రూద్ రెండు రాత్రులు ఊహించుకున్నదాని కంటే ఇది పెద్దది. అయినా ఊహలో ఉన్నంత తీపిగా లేదు. యశోద తలుపు పట్టుకునే నిలబడి ఉంది, తండ్రి ఇంకా ఎక్కుతాడేమో అన్నట్టు.

నాగప్ప చివరికి మాబుసాబ్ దగ్గరికి పోయాడు. టవాలు తీసి, దాని చాటున బయానా ఆయన చేతిలో పెట్టబోయాడు.

మాబుసాబ్ ఆ టవాలును రెండు వేళ్ళతో పట్టుకుని పక్కకు తీసేశాడు, మీసంలోంచి దూది నూగు తీసినట్టే. "గుడ్డొద్దన్నా. అందరూ చూస్తాండంగా ఇయ్యి."

ఇచ్చాడు. జమ్రూద్ నడుముకు దోపుకున్న చిన్న కత్తెర తీసి బండి దగ్గరికి పోయింది. సీటు బోర్లా తిప్పి, మూడు ముళ్ళనూ కోసి, ఆకుపచ్చ దారం మొత్తం లాగేసింది. అక్కడితో ఆగకుండా నల్ల కుట్టు కూడా మూల నుంచి మూలకు విప్పింది. రెగ్జిన్ నోరు తెరుచుకుంది. స్పాంజి సందులోంచి, అంత దులిపినా మిగిలిపోయిన గాజు నలక ఒకటి రేకు మీద పడి మెరిసింది.

"మా కుట్టు మేం తీసుకుపోతాండాం మామా" అంది. "ఇప్పుడు అమ్ముకో."

*

బస్టాండులో పెనుకొండ మీదుగా ధర్మవరం పొయ్యే బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. ఫయాజ్ ముందుగా ఎక్కి తండ్రికి చోటు పట్టాడు. "వచ్చే వారం అనంతపురంలో చూద్దాం నాయనా. ఈ ఊర్లో మనకింక ఎవడూ అమ్మడు" అన్నాడు. మాబుసాబ్ తల ఊపాడు. సీట్ల పని గురించి ఆయన ఎత్తలేదు.

జమ్రూద్ మెట్టు దగ్గర ఆగి, సంచిలోంచి కొలత దారం తీసింది. కొస కాలితో తొక్కి పైకి లాగింది. మెట్టు ముడికి జానెడు పైన ఉంది. మంగళవారం అమ్మ దీన్నే ఎక్కాలి. దారం చుట్టి లోపల పెట్టుకుని ఎక్కింది.

వెనక యశోద వస్తోంది. చంకలో పిల్ల, భుజాన సంచి. మెట్టు ముందు నిలబడి, ఎట్లా ఎక్కాలా అని ఒక క్షణం చూసుకుంది. కండక్టరు విజిల్ వేశాడు.

జమ్రూద్ వంగి, పిల్ల కోసం రెండు చేతులూ చాచింది.

యశోద ఆ చేతులను చూసింది. భుజం మీది సంచి తీసి వాటికి అందించింది. పిల్లను మాత్రం చంకనే బిగించి పట్టుకుని, ఖాళీ అయిన చేత్తో కమ్మీ అందుకుని, తనంతట తానే ఎక్కింది.